2×4 అడుగుల టైల్ నిలువుగా కోయడానికి ఏ చేతి కట్టర్ మంచిది?

విజయనగరంలో ఇంటి ఫ్లోరింగ్ నడుస్తోంది. విట్రిఫైడ్ టైల్, 600×1200 మి.మీ., మందం 9. మేస్త్రి దగ్గరున్న రెండడుగుల కట్టర్‌తో అడ్డకోత వస్తోంది గానీ, నిలువుకోతకి గ్రైండరే దిక్కు. ఇల్లంతా దుమ్ము, అంచంతా పెచ్చులు. అందుకే 1200 మి.మీ. కట్టర్ కొందామని.

కోత చక్రం జారే కడ్డీ ఒక్కటే ఉన్న సింగిల్ రాడ్ అయితే అంత పొడవుకి మధ్యలో వంగి గీత తేలిపోతుందా? డబుల్ రాడే తీసుకోవాలా?

అడ్డకోతలోనూ ఒక చిక్కుంది: చివరి రెండంగుళాలు గీత వదిలేసి ఏటవాలుగా విరుగుతున్నాయి. కార్బైడ్ చక్రం కొత్తదే. గీత ఒక్కసారే గీస్తున్నాం. రెండోసారి గీస్తే పెచ్చు లేస్తుందని తెలుసు. చక్రం అంచు దాకా పోక చివర గీత పడట్లేదేమోనని అనుమానం. గీశాక టైల్‌ని నొక్కి విరిచే పాదం అంచుకి ఎంత లోపల పెట్టాలి?

గోడ వారకి 30 మి.మీ. పట్టీలు కావాలి. ఇంత సన్నవి కట్టర్‌తో విరుగుతాయా, లేక గీత గీసి ప్లయర్‌తో విరవాలా? గుమ్మం దగ్గర ఎల్ కోతలకి, మెట్ల మీది టెక్కలి గ్రానైట్‌కి గ్రైండర్ తప్పదులెండి, వాటి సంగతి అడగట్లేదు.