అప్‌డేట్: మోటివ్ రుజువు కాకపోతే హత్య కేసు వీగిపోతుందా?

హత్యకు కారణం ఏమిటో ప్రాసిక్యూషన్ చూపలేకపోతే నిందితుడిని విడుదల చేయాల్సిందేనా అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన వారి సూచన మేరకు 1958 నాటి విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదివాను.

పొట్టలో దిగిన ఒకే ఒక్క బల్లెం పోటు వల్ల మనిషి మరణించిన కేసు అది. చంపాలన్న ఉద్దేశం లేదన్న వాదనకు జస్టిస్ వివియన్ బోస్ ఇచ్చిన సమాధానం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది: ఆ గాయాన్ని ప్రమాదవశాత్తు కాక కావాలనే చేశాడని తేలితే చాలు, అది సాధారణంగా ప్రాణం తీయడానికి సరిపడేదా అన్నది నిందితుడి మనసుతో నిమిత్తం లేకుండా వైద్య సాక్ష్యం తదితరాలను బట్టి కోర్టే నిర్ణయిస్తుంది. ఈ సూత్రం హత్యను నిర్వచించే నేటి భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌కూ వర్తిస్తుంది.

మోటివ్ సంగతి వేరు. భారతీయ సాక్ష్య అధినియం 6వ సెక్షన్ ప్రకారం అది సంబంధిత వాస్తవమే (అంటే కోర్టు సాక్ష్యంగా పరిశీలించదగిన విషయమే) తప్ప నేరంలో భాగం కాదు. నమ్మదగిన ప్రత్యక్ష సాక్షి ఉన్నప్పుడు దాని లోటు కేసును కూల్చదు. కేవలం పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులో మాత్రం ఆ లోటు నిందితుడి పక్షాన బరువుగా నిలుస్తుంది, నా దృష్టిలో అలా నిలవడమే న్యాయం. పాత కక్షలు రుజువైనా, కోర్టులు తరచూ చెప్పినట్లు శత్రుత్వం రెండంచుల కత్తి: నేరానికి ఎంత కారణమో, అబద్ధపు ఇరికింపుకూ అంతే కారణం కావచ్చు.