పళ్లు లేని దవడకు మత్తు ఎక్కదా?

ప్రశ్న: మా నాయనమ్మకు 74 ఏళ్లు. కింద మిగిలింది ఒక్క కోరపన్నే, అదీ ఊగుతోంది. నిన్న తీయించబోతే రెండు ఇంజక్షన్లకూ పెదవి మొద్దుబారలేదు. "నేను సూదికి లొంగను రా" అని ఈవిడ నవ్వు! నాకేమో టెన్షన్.

జవాబు: డెంటిస్టుని. పెదవి మొద్దుబారాలంటే నరం దవడలోకి దూరే రంధ్రం దగ్గర మందు పడాలి. ఆ చోటుకు కింది దవడపళ్లే మాకు కొండగుర్తు. వాటి నమిలే అంచుకు 6–10 మిల్లీమీటర్ల పైన సూది గుచ్చుతాం. పళ్లు పోయాక చిగురు కింది ఎముక అరిగి కుంగుతుంది. నరం దవడలోకి దూరే రంధ్రం దాంతోపాటు కుంగదు కదా! చిగురును చూసి లెక్కేస్తే సూది కిందికి పోతుంది. బుగ్గ లోపల బొటనవేలితో తడిమి, దవడ ముందంచులో వంపు ఎక్కడుందో చూసి ఎత్తు కట్టాలి. మీ నాయనమ్మ విషయంలో ఇదే జరిగిందని చూడకుండా చెప్పలేను.

జవాబు: మా అమ్మకు కట్టుడుపళ్లు పెడితే కింది పెదవి జివ్వుమనేది. ఎముక అరిగి, గడ్డం పక్కన నరం బయటికొచ్చే రంధ్రం చిగురు అంచుకే వచ్చేసిందట. సెట్టు అడుగున అక్కడ కాస్త గీకించాం.

అడిగినవారు: బొటనవేలి సంగతి సోమవారం అడుగుతాను.