ముంబయిలో ఒక్క వడాపావ్ మాత్రమే తినే వీలుంటే ఎక్కడ తినాలి?

ములుండ్ మామయ్య:

వచ్చే శుక్రవారం మా అక్క కొడుకు కరీంనగర్ నుంచి వస్తున్నాడు. పొద్దున అంధేరీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ, రాత్రికి సీఎస్ఎంటీ నుంచి తిరుగు రైలు. మధ్యలో మిగిలేది ఒక్క సాయంత్రం. "బర్గర్లు మా ఊళ్లో కూడా దొరుకుతున్నాయి మామయ్యా, నాకు అసలైన వడాపావ్ తినిపించు" అని ఫోనులో ముందే చెప్పాడు. 22 ఏళ్లుగా ఈ నగరంలో ఉంటున్నాను, వందల బండ్ల దగ్గర తిన్నాను. అయినా ఆ మాట విన్నాక ఆలోచనలో పడ్డాను. మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియని పిల్లవాడికి ఏదో ఒకటి తినిపించి పంపలేను కదా.

నా ఓటు కీర్తి కాలేజీ దగ్గరి వడాపావ్‌కు. దాదర్ పడమటి వైపు, ప్రభాదేవి దగ్గర. అక్కడ పావ్ రొట్టెలో బంగాళాదుంప వడతో పాటు చూరా పెడతారు. మూకుడులో రాలిన శనగపిండి చుక్కలు కరకరలాడేలా వేగుతాయి, వాటిని చిల్లుల గరిటెతో తీసి పావ్‌లో వడ పక్కన కూరుతారు. మెత్తటి పావ్, మెత్తటి బంగాళాదుంప, మధ్యలో ఆ కరకర. ఇంతకు మించినది ఉందంటే చెప్పండి, కానీ కారణం కూడా రాయండి. పేరు ఒక్కటే రాసి వెళ్లిపోవద్దని మనవి.

కల్యాణ్ లోకల్:

కారణం అడిగారు కనుక చెబుతున్నాను. వడాపావ్‌కు దుకాణం కన్నా నిమిషం ముఖ్యం. మూకుడు నుంచి తీసిన వడను పళ్లెంలో ఒకదానిమీద ఒకటి పేరిస్తే లోపలి ఆవిరికే పైపొర చెమర్చి మెత్తబడుతుంది. పది నిమిషాలు గడిస్తే ఎంత పేరున్న చోటైనా ఒకటే.

నేను బండి దగ్గర మొదట చూసేది పళ్లెం. వడలు గుట్టగా ఉంటే ముందుకు నడుస్తాను. పళ్లెం ఖాళీగా ఉండి, మూకుడు చుట్టూ నలుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అక్కడ ఆగుతాను. 18 ఏళ్లుగా రోజూ లోకల్ ఎక్కి దిగుతున్నాను, ఈ లెక్క తప్పింది చాలా తక్కువ. మీ మేనల్లుడిని ఎక్కడికైనా తీసుకెళ్లండి, కొత్త వాయి దిగేదాకా మాత్రం ఆగండి.

రొట్టెల బట్టీ:

ఇద్దరూ వడ గురించే రాశారు. పావ్ గురించి ఒక్క మాటా లేదు. సగం బరువు దానిదే కదండీ!

వడ మన ఆలూ బోండాకు దగ్గరి చుట్టమే. ఆవాలు, కరివేపాకు, పసుపు, పచ్చిమిర్చి, అల్లం అన్నీ మనకు తెలిసినవే. దాన్ని ముంబయి తిండిగా మార్చింది పావ్. ఆ పేరూ, పులియబెట్టిన రొట్టె కాల్చే పద్ధతీ పోర్చుగీసు వారి నుంచి వచ్చాయి. బంగాళాదుంపను మరాఠీలో బటాటా అంటారు, ఆ మాటా అక్కడిదే. మిరపకాయ కూడా వారి ఓడల్లోనే మన తీరానికి చేరింది.

మా మామగారు మజగావ్‌లో ఒక పాత బేకరీలో లెక్కలు రాసేవారు. తెల్లవారుజామున కట్టెల బట్టీ నుంచి లాదీ పావ్ దిగేది. అంటే ఒకదానికొకటి అతుక్కుని పలకలా వచ్చే పావ్. ఆయన ఒక పావ్ విడదీసి రెండు వేళ్లతో నొక్కేవారు. వదిలిన వెంటనే పొంగి యథాస్థితికి వస్తే మంచిది, నొక్కు అలాగే ఉండిపోతే నిన్నటిది. నేను ఇప్పటికీ ఆ పరీక్షే చేస్తాను. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కట్టెలు, బొగ్గుతో నడిచే బట్టీలు ఆరు నెలల్లో గ్యాసు వంటి ఇంధనాలకు మారాలని ఆదేశించింది. గాలి బాగుపడాలి, కాదనను. కానీ ఆ పొగ వాసన, అడుగున గోధుమరంగు తిరిగిన పెచ్చు తగ్గిపోతుంటే నాకు బాధగానే ఉంది. పావ్ రోజుకు రెండుసార్లు వచ్చే బండి ఏదో కనుక్కోండి. నా ఓటు దానికే, పేరు ఏదైనా సరే.

పార్లే విద్యార్థి:

విలే పార్లేలో మిఠీబాయి కాలేజీ ఎదురుగా ఆనంద్ గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? పెనం మీద వెన్న వేసి, పావ్‌ను రెండువైపులా కాల్చి, దానికి మసాలా పట్టించి ఇస్తారు. అంధేరీ నుంచి ఒక్క స్టేషనే. ఇంటర్వ్యూ అయిన వెంటనే వెళ్లవచ్చు. కుర్రవాడికి తప్పకుండా నచ్చుతుంది.

వర్లీ చాల్ మనవరాలు:

మా తాతగారు నల్లగొండ జిల్లా నుంచి వచ్చి వర్లీలో ఒక మిల్లులో మగ్గం నడిపారు. మా చాల్‌లో, అంటే మిల్లు కార్మికుల గదుల వరుస భవనంలో, సగం ఇళ్లు పద్మశాలీలవే. కామాఠీపురా అన్న పేరే తెలుగు నేల నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ఈ నగరాన్ని కట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్నకు తేలిగ్గా జవాబు చెప్పలేను.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. ఆ సమ్మె విరమించామని ఎవరూ ప్రకటించనే లేదు, మిల్లులే ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. మా తాతగారి పక్క మగ్గం మనిషి ఆ ఏడాదే వడాపావ్ బండి పెట్టుకున్నారు. దుంపలు ఉడికించి ఇచ్చే పని మా నానమ్మది, కిలోకు ఇంత అని కూలి. వేడి దుంప తొక్క తీసేటప్పుడు మధ్యమధ్య వేళ్లు చన్నీళ్లలో ముంచేది. ఆమె బొటనవేలి చివర చర్మం చివరిదాకా గట్టిగానే ఉండిపోయింది, నేను చిన్నప్పుడు పట్టుకుని చూసేదాన్ని. వెల్లుల్లి, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి రోట్లో దంచే రోజు మెట్ల మీద నుంచే ఘాటు తెలిసేది.

మామయ్యగారూ, చూరా గురించి ఒక మాట. మా వీధిలో దానికి డబ్బు తీసుకునేవారు కాదు. వడాపావ్ కొనలేని పిల్లలకు కాగితంలో పొట్లం కట్టి, పైన కారం చల్లి ఇచ్చేవారు. మేము ముగ్గురం ఒక పొట్లంతో సాయంత్రం గడిపిన రోజులున్నాయి. కనుక మీ ఓటు కీర్తి కాలేజీకి అంటే నాకూ సమ్మతమే, అది మిల్లుల పేట అంచున ఉన్న చోటు. నా కొలత మాత్రం వేరు. వడాపావ్ షిఫ్టు మనిషి తిండి. ఒక చేత్తో పట్టుకుని, నిలబడి, బస్సు వచ్చేలోపు తినగలగాలి. తిన్నాక రాత్రి భోజనం దాకా ఆకలి ఆగాలి. జేబు ఖాళీ కాకూడదు. వెన్న కారుతూ, రెండు చేతులూ, బల్ల కావలసినది రుచిగా ఉండవచ్చు, వడాపావ్ పోటీలో దాన్ని నిలబెట్టవద్దు.

పార్లే విద్యార్థి:

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ తాతగారికి ఆ రోజుల్లో వెన్న కొనే స్తోమత ఉంటే వేసుకునేవారు కాదా? లేమి వల్ల వచ్చిన రూపాన్నే అసలైనదని పట్టుబడితే, ఆ తిండి ఎప్పటికీ పేదగానే ఉండాలని కోరినట్టు కాదా?

వర్లీ చాల్ మనవరాలు:

మంచి ప్రశ్న తమ్ముడూ. వేసుకునేవారే. పండక్కి వేసుకున్నాం కూడా. కానీ వెన్న పట్టించాక వెల్లుల్లి కారం నోటికి అందదు, నాలుక మీద పూత పడిపోతుంది. ఒక్కటే తినబోయే కుర్రవాడికి కారం తెలియాలని నా పట్టు.

ఠాణేవాసి:

గజానన్ వడాపావ్! దానితో ఇచ్చే పసుపురంగు శనగపిండి చట్నీ ముంబయిలో మీరు చెప్పిన చోట్ల లేదు. పొడి కారం గొంతు పట్టేస్తుంది, ఆ చట్నీ దాన్ని చల్లారుస్తుంది. పావ్ ఎండిపోయినట్టు అనిపించదు.

ములుండ్ మామయ్య:

ఠాణే నాకు పక్కనే, గజానన్ నాకూ ఇష్టమే. కానీ ముంబయి అని అడిగాను కదండీ.

ఠాణేవాసి:

1853లో దేశపు తొలి ప్రయాణికుల రైలు ముంబయి బోరీబందర్‌లో బయలుదేరి ఎక్కడికి వచ్చింది? ఠాణేకే. 170 ఏళ్లు దాటాక ఇప్పుడు మమ్మల్ని వేరు చేస్తున్నారా?

వాషీ మార్కెట్:

నేను వాషీ బంగాళాదుంపల మార్కెట్లో పని చేస్తాను. మీరందరూ ఊరు, వీధి అంటున్నారు, నేను నెల అంటాను. శీతల గిడ్డంగిలో ఉన్న దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. దానితో చేసిన వడ తియ్యగా తగులుతుంది, ఎంత పచ్చిమిర్చి వేసినా ఆ తీపి తెలుస్తుంది. తెలిసిన బండివాళ్లు అలాంటి సరుకును కొన్నాళ్లు బయట ఆరబెట్టి వాడతారు, తీపి తగ్గుతుంది. తెలియనివాళ్లు నేరుగా ఉడికిస్తారు. వడ తుంచి ముందు లోపలి ముద్ద ఒక్కటే రుచి చూడండి.

కల్యాణ్ లోకల్:

ఇది నాకు కొత్త విషయం. ధన్యవాదాలు.

వడాపావ్ పుట్టిన దాదర్ స్టేషన్ బయటకే వెళ్లమని ఎవరో ఒకరు అంటారని ముందే చెబుతున్నాను. 1966లో అశోక్ వైద్య అక్కడ బండి పెట్టి మొదలుపెట్టారని ఎక్కువమంది చెప్పే మాట. గౌరవించాల్సిందే. అయితే పుట్టిన చోటు వేరు, నేడు బాగా చేసే చోటు వేరు. అలాగే మన తెలుగు పెద్దవాళ్లు కర్జత్ స్టేషన్లో దివాడ్కర్ వడను తలచుకుంటారు. బోర్ ఘాట్ ఎక్కడానికి రైలు వెనుక అదనపు ఇంజిన్లు తగిలించేదాకా బండి ఆగేది, ఆ కాసేపట్లో కిటికీలోంచి కొనుక్కునేవాళ్లం. సికింద్రాబాద్ ప్రయాణమంటే మా పిల్లలకు అదే గుర్తు. కానీ రాత్రి రైల్లో నిద్రపోతున్న కుర్రవాణ్ణి దానికోసం లేపలేం.

నా సూచన ఇది. కీర్తి కాలేజీ దగ్గర ఒకటి, రైలెక్కే ముందు సీఎస్ఎంటీ ఎదురుగా ఆరామ్‌లో ఒకటి తినిపించండి. ఒక్కదాన్ని తిని ఇది గొప్పదని ఎలా చెబుతాడు? పక్కన ఇంకోటి ఉండాలి.

రొట్టెల బట్టీ:

ఒప్పుకుంటున్నాను. రెండు చోట్లా పావ్ నొక్కి చూడమనండి.

ములుండ్ మామయ్య (శనివారం ఉదయం):

నిన్న తిన్నాం. ఇంటర్వ్యూ బాగా జరిగిందట. అంధేరీ నుంచి దాదర్ వచ్చి నడిచాం. కీర్తి కాలేజీ దగ్గర కొత్త వాయి దిగేదాకా ఆగుదామన్నాను, ఐదారు నిమిషాలు మూకుడునే చూస్తూ నిలబడ్డాం. పిండి అంటిన చేత్తో వడలు నూనెలోకి జారవిడిచి, పావ్ పలక నుంచి ఒకటి విడదీసి, పూర్తిగా తెగకుండా పుస్తకంలా తెరిచి, బొటనవేలితో పొడి కారం అద్ది, వడ పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. పక్కన ఉప్పు చల్లిన వేపుడు పచ్చిమిర్చి.

"ఇది మన బోండానే కదా మామయ్యా" అంటూ మొదటి ముక్క కొరికాడు. తరువాత మాట లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం అంతగా ఉంది. మిర్చి మాత్రం వదల్లేదు. వాషీవారు చెప్పినట్టు లోపలి ముద్ద విడిగా రుచి చూశాం, తీపి లేదు. అడిగి ఇంకొంచెం చూరా వేయించుకున్నాడు. చాల్ పిల్లల పొట్లం సంగతి అప్పుడు చెప్పాను. నమలడం ఆపి విన్నాడు.

ఆరామ్‌లో రెండోది తిన్నాం. పావ్ రెండు చోట్లా నొక్కితే పొంగింది. వాడి ఓటు కీర్తి కాలేజీకే, చూరా వల్ల. నాకూ సంతోషమే, కానీ ఆరామ్‌లో వడ లోపలి అల్లం ఘాటు బాగుందని రైలెక్కేదాకా రెండుసార్లు అన్నాడు. కల్యాణ్‌వారూ, మీ మాట నిజం. రెండోది లేకుంటే ఆ మాట వాడి నోట వచ్చేదే కాదు. మీతో ఇంకా ఒక విషయంలో ఏకీభవించను, దుకాణం ముఖ్యం కాదన్న దాంట్లో. మా వీధి చివరి బండి దగ్గర కూడా వేడివేడిగానే తింటున్నాను, ఆ రుచి రాలేదు.

దాదర్ బజారులో వెల్లుల్లి పొడి కారం పావు కిలో కొని పట్టుకెళ్లాడు. ఆదివారం అమ్మకు చేసి పెడతాడట. కరీంనగర్‌లో పావ్ సంగతేమిటని అడుగుతున్నాడు. ఎవరికైనా తెలుసా?

రొట్టెల బట్టీ:

పావ్ భాజీకని అడిగితే అక్కడి బేకరీల్లోనూ ఇస్తారు, నాకు దొరికినవి కాస్త తియ్యగా ఉన్నాయి. పాలు, చక్కెర తక్కువ వేసినవి ఉన్నాయేమో అడగమనండి. నిన్నటిదైతే తడి గుడ్డలో చుట్టి ఇడ్లీ పాత్రలో ఒక్క నిమిషం ఆవిరి పట్టిస్తే చాలు.

వర్లీ చాల్ మనవరాలు:

దుంపను మెత్తగా మెదపవద్దని మీ అక్కగారికి చెప్పండి. చేత్తో చిదిమితే చాలు, అక్కడక్కడా పలుకులు ఉండాలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి మిక్సీలో కాకుండా రోట్లో నూరమనండి. మిగిలిన పిండిని చివర్లో నూనెలో చిలకరించడం మరచిపోవద్దు.