ఊళ్లో ఉన్న అమ్మానాన్నల బీపీ, షుగర్ ఎవరు చూస్తున్నారు? మీ ఇళ్లలో ఎలా నడుస్తోందో చెప్పండి

పల్నాడు_బిడ్డ:
మా నాన్నకి 74. షుగర్, బీపీ, గుండె కూడా వీక్. ఏడాదిలో మూడుసార్లు 108లో గుంటూరు తీసుకెళ్లాం, మూడుసార్లూ అర్ధరాత్రి ఆయాసమే, పడుకుంటే ఊపిరాడక మంచం పట్టె పట్టుకుని కూర్చునేవారు. మొన్న డాక్టరుగారు కాలి మీద బొటనవేలితో నొక్కితే ఆ గుంట అలాగే ఉండిపోయింది, ఒంట్లో నీరు చేరిందన్నమాట. నీరు తీసే మాత్ర మూడు వారాలుగా వేసుకోవట్లేదట. బస్సులో వెళ్లేటప్పుడు మాటిమాటికీ ఒంటేలుకి లేవాల్సి వస్తోందని ఆయనే మానేశారు. అడిగేవాళ్లేరీ? పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఆరు కిలోమీటర్లు, నాన్న వెళ్లిన రోజు డాక్టరు మీటింగ్‌లో ఉంటారు, లేదంటే డిప్యుటేషన్.

సిస్టర్_నల్గొండ:
తమ్ముడూ, నేను పీహెచ్‌సీలోనే చేస్తాను. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క. జ్వరాలు, గర్భిణులు, టీకాలు, రిపోర్టులు అన్నీ అయ్యాక పెద్దాయన దగ్గర కూర్చుని ఏ మాత్ర ఎందుకు మానేశారో అడిగే టైమ్ మిగలదు. నాన్నగారికి ఒక బరువు మిషన్ కొనండి, రోజూ పొద్దున టిఫిన్‌కి ముందు చూసి క్యాలెండర్ మీద రాయించండి. వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే లోపల నీరు చేరుతోందనే, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేసి డాక్టరుని అడగండి.

గోదారి_గట్టు:
మా అత్తయ్యది ఇంకో కథ. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ (డాక్టరు డిగ్రీ లేని ఊరి వైద్యుడు) దగ్గర వారానికి రెండు నొప్పి ఇంజెక్షన్లు. ఇంటికొచ్చి వేస్తాడు, అప్పు పెడతాడు, ఆయన్ని తిట్టి లాభం లేదు, పిలిస్తే పలికేది ఆయనొక్కడే. షుగర్ ఉన్న మనిషికి అవి కిడ్నీల మీద పడతాయని మాకు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే పెరిగేది) 4 దాటాకే తెలిసింది. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పథకం అని పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో (ఊళ్లు తిరిగే వైద్యం వ్యాన్) ఊళ్లోకి రావడం మొదలయ్యాక అత్తయ్య ఒక్కసారి కూడా తప్పలేదు. అదే డాక్టరమ్మ, అదే అరుగు, పేరు పెట్టి పిలిచేది. తర్వాత ఆ డాక్టరమ్మ పీజీ సీటొచ్చి వెళ్లిపోయింది, అత్తయ్య మళ్లీ ఇంజెక్షన్ల దారి పట్టింది.

కరీంనగర్_రమణ:
నాకు బాధనిపించేది ఒకటే. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ కార్డు 2024లో వచ్చింది, ఏడాదికి 5 లక్షలు. మంచిదే, మా బాపుకి స్టెంట్ దాంతోనే పడింది. కానీ కార్డు పనికొచ్చేది బెడ్ ఎక్కాకే. ఆ బెడ్ దాకా పోకుండా ఆపే నెలవారీ చూపు, రక్తపరీక్ష, మాత్ర మార్చడం, వీటికి కార్డు అక్కరకు రాదు.

పల్నాడు_బిడ్డ:
రమణన్నా, నా గొడవ కూడా అదే. సిస్టర్ గారూ, మిషన్ కొన్నాను. ప్రయాణం ఉన్న రోజు ఆ మాత్ర ఇంటికొచ్చాక వేసుకోవచ్చా అని డాక్టరుగారిని ఫోన్‌లో అడిగితే మధ్యాహ్నం వేసుకోవచ్చన్నారు. ఇంత చిన్న మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే! నాన్న ఈ రోజు 61.4 రాశారు, నిన్న 61.2.

సిస్టర్_నల్గొండ:
బాగుంది తమ్ముడూ. ఆదివారం మళ్లీ ఇక్కడ రాయి, చూస్తాను.