"ఉత్తర చూసి ఎత్తర గంప": ఇది ఏ గంప?

ప్రశ్న: మా అనంతపురం వైపు పెద్దవాళ్లు "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు. ఇది విత్తనాల గంపా, వలస పోయేవాళ్ల గంపా? వానలే వరస తప్పాయి కదా, ఇప్పుడు ఈ సామెతకు అర్థం ఉందా?

జవాబు: వలస గంపేనండి. సామెత రెండో సగం "విశాఖ చూసి విడువర కొంప". రైతులు వానను లెక్కపెట్టుకునే పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కనే కార్తె అంటారు. ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది, విశాఖ నవంబరు మొదటి వారంలో. ఉత్తరలో కూడా చినుకు లేకపోతే కూలి వెతుక్కుంటూ బయల్దేరు, విశాఖ కూడా వట్టిపోతే ఇల్లే వదిలెయ్ అని.

ఇందులో వాన పడుతుందనే జోస్యం ఎక్కడా లేదు. ఎన్నాళ్లు ఎదురుచూడాలో చెప్తుందంతే. అప్పు తెచ్చి వేరుశనగ వేసిన మనిషికి కావాల్సింది ఆ గడువే. అందుకే ఇది పాతబడిందంటే నేను ఒప్పుకోను.

2023 చూడండి. జులై నెలాఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. కురిసింది. అనంతపురంలో సగటున ఏడాదంతా పడే వాన కంటే ఇది ఎక్కువ! ఆ వెంటనే ఆగస్టులో దేశమంతటా 36 శాతం లోటు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. వానాకాలం మొత్తం కలిపితే మాత్రం సగటులో 94 శాతం వాన పడినట్టే. కానీ వేరుశనగకు ఊడలు దిగే వేళ నేల ఎండిపోతే ఆ 94 శాతంతో రైతు ఏం చేసుకోవాలి? "మఖ పుబ్బలు వరపైతే మహా క్షామం" (ఉత్తరకు ముందొచ్చే ఈ రెండు కార్తెల్లో వాన లేకపోతే కరువే) అన్నవాళ్లు వానను ఇలా కార్తెల ముక్కలుగా లెక్కపెట్టారు. పంట బతికేది ఆ లెక్కలోనే. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 103 కరువు మండలాలు ప్రకటించారు. బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలకు గంప బదులు బ్యాగు, అంతే తేడా.

ఇంకొకరు: మా పాలమూరు దిక్కు రెండో సగం వినలేదన్నా. ముసురు అనే మాట కూడా మా పిల్లలకు తెలియడం లేదు.

జవాబు: అదే నా బాధ కూడా తమ్ముడూ. సన్నగా ఎడతెగకుండా ముసురు పడితే నేల తాగుతుంది, బోర్లలో నీరు ఊరుతుంది. ఒక్క రాత్రిలో కుంభవృష్టి కురిస్తే మట్టితో సహా వాగులోకి పోతుంది. ఉత్తర దగ్గరపడ్డాక మా వైపు ఉలవలు చల్లి ఆ కాస్తైనా దక్కించుకుంటారు. ఇలా ఆలస్యంగా వేసే పంటల మీద మీ ఊళ్లలో సామెతలుంటే కార్తె పేరుతో సహా ఇక్కడ రాయండి.