సమస్యాపూరణం: “కోడిగుడ్డు తీర్చెఁ గోటి యప్పు”

నిర్వాహకుడు, అనంతపురం:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, దీనికి అర్థం కుదర్చాలి.

కోడిగుడ్డు తీర్చెఁ గోటి యప్పు

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణమంటే గురువు, లఘువు; లేదా మూడు లఘువులు. ఇంద్రగణాలు నగ, సల, నల, భ, ర, త. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. ఇంటిలోను గడువుకు ముందే తీర్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు కాబట్టే ఈ పాదం ఇచ్చాను. లాటరీ తగిలిందనో, లంకెబిందెలు దొరికాయనో తప్పించుకోవద్దు. పొదుపుతోనే తీరాలి, కోడీ ఉండాలి.

కదిరి సభ్యురాలు:

నాటుకోళ్లఁ బెంచి నాలుగు రూకలు
నెలకు నెలకు దాచి నిలువఁ జేసి
అసలులోనఁ గట్ట నడుగంటె వడ్డీలు
కోడిగుడ్డు తీర్చెఁ గోటి యప్పు

నిర్వాహకుడు:
అమ్మా, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. మూడో పాదంలో “కట్టన్ + అడుగంటె” సంధి చేసి అకారానికి అకారం యతి కుదర్చడం బాగుంది. అయితే సమస్యలో ముడి “కోటి” దగ్గరుంది. నాలుగు రూకలకు కోటి ఎలా తీరిందో పద్యం చెప్పలేదు. అలా చెప్పకపోతే అది పాదం నింపడమే అవుతుంది, పూరణ కాదు.

కర్నూలు సభ్యుడు (బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు):
అయ్యా, ముడి విప్పలేదన్నది నిజమే. కానీ ఆ మూడో పాదాన్ని ఊరికే వదిలెయ్యకండి. అప్పు గుట్టంతా అక్కడే ఉంది. పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకోండి. నెల వాయిదా 8,997 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 1,497. ఇప్పుడు గుడ్లమ్మి ఇంకో వెయ్యి కడితే అది మొత్తం అసలుకే పోతుంది. ప్రతి నెలా అలాగే కడుతూ వస్తే అప్పు పదిహేనున్నర ఏళ్లకే తీరుతుంది. రెండు వేలు కడితే పన్నెండేళ్ల తొమ్మిది నెలలకు అటూ ఇటూగా తీరుతుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత లాభం. ఆ వెయ్యే చివరి ఏళ్లలో కడితే ఇంత పని చెయ్యదు.

ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ ఇంటిలోను ముందుగా కట్టినందుకు బ్యాంకులు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అదనంగా కట్టేటప్పుడు వాయిదా తగ్గించమనకండి, గడువు తగ్గించమని రాసివ్వండి. చాలామంది నెల భారం తగ్గుతుందని మొదటిది ఎంచుకుంటారు. అప్పుడు ఆదా అయ్యే వడ్డీ తక్కువ.

ప్రొద్దుటూరు సభ్యుడు:
నేను వేరే దారి పట్టాను. చూడండి.

కొండవంటి యప్పుఁ గూలిసొమ్మరిగింప
మిగిలె గోరుపాటి మేర బాకి
పెట్ట పెట్టినట్టి పిడికెడు గుడ్లమ్మి
కోడిగుడ్డు తీర్చె గోటి యప్పు

నిర్వాహకుడు:
భేష్ అన్నా! “తీర్చెన్ + కోటి” అని మేమిస్తే మీరు “గోటి” అని తీసుకుని గోరంత అప్పు చేసేశారు. చెవికి రెండూ ఒకటే, తేడా అంతా అరసున్నలోనే. దాన్ని తీసి మరీ రాసిన మీ శ్రద్ధ నచ్చింది. “పెట్ట పెట్టినట్టి” కూడా నాలుక మీద చక్కగా ఆడుతోంది. ఒకటే లోపం. “గుడ్లమ్మి” అన్నాక అమ్మినవాడే కర్త కావాలి, తీర్చింది మాత్రం గుడ్డు అంటున్నారు. గుడ్డు గుడ్లమ్మినట్టయింది. “పిడికెడే చాలురా” అంటే గణాలు చెడవు, అర్థమూ నిలబడుతుంది.

ప్రొద్దుటూరు సభ్యుడు:
ఒప్పుకుంటాను సార్, మార్చుకున్నాను.

ఆదోని విద్యార్థి:
మొదటిసారి రాస్తున్నాను. మా నాన్న మాటగా చదవండి.

చిల్లరంత తెచ్చి సీసాలో వేయుచు
బీడి మాని టీని విడిచినాను
పక్కయింటి కోటి బదులిచ్చె నొకనాఁడు
కోడిగుడ్డు తీర్చెఁ గోటి యప్పు

నిర్వాహకుడు:
నాయనా, కోటిని పొరుగింటి మనిషిని చేశావు! ముడి విప్పడమంటే ఇదే. చేబదులును మన వైపు “బదులు” అనే అంటాం, ఆ మాట పద్యంలో పడటం సంతోషం. “సీసాలో” మూడూ గురువులే, అది మగణం. ఇంద్రగణాల్లో మగణం లేదు. “సీసాన” అను, తగణమవుతుంది. బీడికీ విడిచినానుకూ బ–వ యతి చెల్లుతుంది, అనుమానం వద్దు. ఇక భావం: పై రెండు పాదాల పొదుపుకూ కింది కోడికీ లంకె లేదు. ఆ సీసా డబ్బుతో పెట్టను కొన్నట్టు ఒక్క మాట పడితే పద్యం ఒకటవుతుంది. తిరగరాసి పెట్టు.

ధర్మవరం సభ్యురాలు:

చేతఁ గాసు లేని చేనేత బతుకున
లక్ష యన్నఁ గోటి లాగఁ దోఁచు
వారవార మసలు వైపుకే నడచిన
కోడిగుడ్డు తీర్చెఁ గోటి యప్పు

నిర్వాహకుడు:
అక్కా, ఈ వారానికి ఇదే మేటి పూరణ. “నడచిన” అన్న విశేషణం నేరుగా “కోడిగుడ్డు”కు తగులుకుంది కాబట్టి సమస్య పాదం అతికించినట్టు లేదు, మీ వాక్యంలోనే పుట్టినట్టుంది. వా–వై యతి కూడా శుద్ధం. లక్షే కోటిలా కనబడే ఇల్లు చూపించారు, అతిశయోక్తి నిజమైపోయింది.

కదిరి సభ్యురాలు:
అక్కా, నిజంగా గుడ్లతోనే తీర్చారా? నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టదు కదా?

ధర్మవరం సభ్యురాలు:
ఒట్టి గుడ్లమ్మితే తీరదమ్మా. పెట్ట పొదుగుకు కూర్చుంటే 21 రోజులు, ఆ తర్వాత పిల్లలను తిప్పినన్నాళ్లు గుడ్డు ఉండదు. కానీ పొదిగించిన గుడ్డే పుంజై పండగలకు అమ్ముడుపోతుంది, అసలు డబ్బు అక్కడ వస్తుంది. వారం వారం వచ్చే గుడ్ల చిల్లర వేరే డబ్బాలో వేసేదాన్ని. పట్టుచీరల కూలి వాయిదాకు, డబ్బా అసలుకు. కూలి తగ్గిన నెలలో కూడా డబ్బా ముట్టలేదు.

మేత కొన్నది తక్కువే. నూకలు, మిగిలిన సంగటి, వేరుశనగ చెరిగిన తాలు వేసేవాళ్లం. పాత కుండలో పేడ, గోనెపట్ట ముక్క కుక్కి, తడిపి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. కుండ ఎత్తి దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తింటాయి. దేనికి ఖర్చు పెట్టినా పెట్టకపోయినా టీకాకు మాత్రం పెట్టాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చిందంటే వీధిలో గంపలన్నీ ఖాళీ అవుతాయి. పిల్లలకు వారం లోపే దాని టీకా లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. ఒక్క సీసా మందు చాలా కోళ్లకు వస్తుంది, తెరిచాక నిలవ ఉండదు. అందుకే మా వీధివాళ్లమంతా ఒకే రోజు పెట్టుకునేవాళ్లం.

ఆదోని విద్యార్థి:
అక్కా, తీరిపోయాక బ్యాంకువాళ్లు పత్రాలు వెంటనే ఇచ్చారా? మా నాన్న అడగమన్నాడు, మాది కూడా చివరికొచ్చింది.

ధర్మవరం సభ్యురాలు:
ఇచ్చారు గానీ బాగా తిప్పించుకున్నారు. ఇప్పుడు రూలు మారిందంటున్నారు, కర్నూలు సార్ చెప్పాలి.

కర్నూలు సభ్యుడు:
అవునమ్మా. 2023 డిసెంబరు 1 నుంచి పత్రాలు తిరిగివ్వాల్సిన అప్పులకు, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున వాళ్లే మీకివ్వాలి. బాబూ, మీ నాన్నకు చెప్పు: బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్ట్రారాఫీసులో తనఖా రద్దు చేయించి, ఆ తర్వాత ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీసి చూసుకోమను. ఈసీలో తనఖా ఇంకా అలాగే కనబడుతుంటే రేపు ఇల్లు నీ పేరుకు మార్చేటప్పుడు చిక్కు.

ఆదోని విద్యార్థి:
చెప్తాను సార్. మూడో పాదంలో పెట్టను కొని రేపు పెడతాను.