కార్బన్ ఫైబర్ గిటార్‌కి ఏ తీగలు వేస్తే బాగుంటుంది?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఇల్లు సముద్రానికి దగ్గర. నా పాత చెక్క గిటార్ బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే ముక్క) రెండు వర్షాకాలాలకే లేచిపోయింది. అందుకే ఎనిమిది నెలలు ఎదురుచూసి, కార్బన్ ఫైబర్‌తో ఒకటి ఆర్డరిచ్చి చేయించుకున్నాను. వచ్చి మూడు వారాలైంది.

తేమ టెన్షన్ లేదు, హాయి. నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర 44 మిల్లీమీటర్ల వెడల్పు అడిగాను, వేళ్లకు సరిగ్గా కుదిరింది. శబ్దమే ఇంకా మచ్చిక కాలేదు. లావు తీగ మీటితే గుడి గంటలా మోగుతూనే ఉంటుంది. కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) మార్చినా పాతదాని మోత కొత్తదాంట్లో కలిసిపోతోంది. సన్న తీగలు పిక్‌తో వాయిస్తే చెవిలో గుచ్చుకుంటున్నాయి. "స్టీలు పళ్లెం మీద గరిటె పడ్డట్టుంది" అని మా ఆవిడ తీర్పు. వేళ్లతో మీటితే మాత్రం ఎంత బాగుందో!

ఇప్పుడున్నవి 80/20 బ్రాంజ్ (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు చుట్టిన) తీగలు, 12-53 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగల మందం). ఫాస్ఫర్ బ్రాంజ్‌కి (రాగిలో తగరం, కాస్త ఫాస్ఫరస్ కలిపిన రకం) మారితే కాస్త మెత్తబడుతుందా? చెక్కయితే వాయించే కొద్దీ గొంతు విప్పుతుందంటారు. దీనికి ఆ ఆశ లేదనుకుంటా, మారాల్సింది నా చెయ్యేనేమో.

ఇంకొకటి. ఏసీ గదిలో పెడితే అన్ని తీగల శ్రుతీ కొంచెం పెరుగుతోంది. చలికి స్టీలు బిగుసుకోవడం వల్లేనా? దీనికి ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) లేదు, తిప్పి చూద్దామన్నా ఏమీ లేదు. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లుంది. అది తగ్గించడానికి శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అరగదీయాలంటే చెయ్యి రావట్లేదు. ఇలాంటిది వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.